తెలుగులో మొదటి రోల్‌ప్లేయింగ్ ఆట నడిపించడం ఎలా: నలుగురు స్నేహితులు, ఒక హాలు, మూడు గంటలు

బెంగళూరు మారతహళ్లిలో మా హాల్లో నెలకో ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, తెలుగులోనే. చూడ్డానికి వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ ఒకటే అడుగుతారు: "రూల్సు చదివాం. కానీ కూర్చున్నాక ఏం మాట్లాడాలో, ఎప్పుడు పాచిక వేయించాలో తెలియట్లేదు. మేం ఎలా మొదలుపెట్టాలి?"

ఈ ఆటలో ఒకరు గేమ్ మాస్టర్. ఊరు, దారి, దొంగలు, కరణం, వాన అన్నీ ఆ ఒక్కరే. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. గేమ్ మాస్టర్ ఏం కనిపిస్తోందో చెప్తాడు, ఆటగాళ్లు ఏం చేస్తారో చెప్తారు, ఫలితం తేలనిచోట పాచిక వేస్తారు. కొత్తవాళ్లలో ఎక్కువమంది ఈ వరసను తిరగేస్తారు. పాచిక ముందు వేసి, మాట తర్వాత వెతుక్కుంటారు. ఆట చప్పబడేది అక్కడే. కింద చెప్పినవన్నీ ఈ వరస నిలబెట్టడానికే.

1. ఏ రోజు, ఎవరింట్లో, ఎంతమంది

నలుగురు ఆటగాళ్లు, ఒక గేమ్ మాస్టర్. మొదటిసారి అంతకు మించి వద్దు. ఆరుగురైతే తమ వంతు వచ్చేలోపు ఫోన్లు బయటికి వస్తాయి. ముగ్గురే వచ్చినా ఆట ఆపకండి, బాగానే సాగుతుంది.

శనివారం సాయంత్రం పెట్టకండి. సిల్క్ బోర్డు దగ్గరో ఔటర్ రింగ్ రోడ్డు మీదో ఇరుక్కుని వచ్చినవాళ్లకు కూర్చునేసరికే ఓపిక అయిపోతుంది. ఆదివారం ఉదయం 10 గంటలకు మొదలుపెడితే 1 గంటకు భోజనానికి లేవొచ్చు. వైట్‌ఫీల్డ్ వైపు వాళ్లుంటే మెట్రో పర్పుల్ లైన్‌కు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్లుంటే ఎల్లో లైన్‌కు దగ్గరగా ఉన్న ఇల్లు చూసుకోండి. సంక్రాంతి, ఉగాది, దసరా వారాలు అసలు అనుకోవద్దు. సగంమంది ఊరి బస్సులో ఉంటారు.

2. ఆటకు ముందు ఫోన్లో తేల్చుకోవాల్సినవి

ఇది వదిలేస్తే ఆట మధ్యలో మనసులు నొచ్చుకుంటాయి. రెండు మూడు రోజుల ముందే గ్రూపులో ఇవి అడగండి:

- ఎలాంటి కథ కావాలి: సాహసమా, దెయ్యాల భయమా, మిస్టరీనా?
- కథలోకి రాకూడని విషయాలేమైనా ఉన్నాయా? పిల్లలకు హాని, ఆడవాళ్ల మీద హింస, కులం పేరుతో తిట్లు, పాములు, ఏదైనా సరే. కారణం చెప్పక్కర్లేదు. మొహమాటపడేవాళ్లుంటే మీకు విడిగా మెసేజ్ పెట్టమనండి.
- ఎవరు ఎప్పుడు వెళ్లిపోవాలి?
- తెలుగు అందరికీ వచ్చా?

చివరి ప్రశ్న బెంగళూరులో తప్పనిసరి. రూమ్‌మేట్ కన్నడిగుడో తమిళుడో అయి, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడలేకపోవచ్చు. అతన్ని తన భాషలో మాట్లాడనివ్వండి. ముఖ్యమైన నిర్ణయం వచ్చినప్పుడు మాత్రం ఒక్క వాక్యం అందరికీ తెలిసిన భాషలో మళ్లీ చెప్పండి. అంతే చాలు.

ఆట రోజున ఒక కార్డు మీద పెద్దగా ఇంటూ గుర్తు వేసి టేబుల్ మధ్యలో పెట్టండి. ఎవరైనా దాన్ని తాకితే ఆ సన్నివేశం అక్కడే వదిలేసి ముందుకెళ్లాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు.

3. సామాను

- పాచికల సెట్లు రెండు. ఒక్కో సెట్‌లో ఏడు ఉంటాయి: 4, 6, 8, 12, 20 ముఖాలవి ఒక్కోటి, 10 ముఖాలవి రెండు. ఎక్కువగా వాడేది డీ20, అంటే 20 ముఖాలది.
- రూల్సు. 2014 ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉచితంగా దొరుకుతున్నాయి. మొదటి ఆటకు పుస్తకం కొనక్కర్లేదు.
- గడుల చార్టు పేపర్, స్కెచ్ పెన్నులు. ఎవెన్యూ రోడ్డు దాకా వెళ్తే చాలా రకాలుంటాయి, లేదంటే వీధి చివరి స్టేషనరీ షాపు చాలు. ఒక గడి అంటే 5 అడుగులు.
- చార్టు మీద పాత్రలను చూపే బొమ్మల బదులు గవ్వలు, చింతగింజలు, క్యారమ్ కాయిన్లు.
- పెన్సిళ్లు, రబ్బరు. పెన్ను వద్దు, అంకెలు మారుతూనే ఉంటాయి.
- ఒక స్టీలు పళ్లెం, అందులో పరచడానికి మడత తువ్వాలు.

ఆ తువ్వాలు మరిచిపోకండి. మొదట్లో పాచికలు నేల మీదే వేసేవాళ్లం. ఓ రాత్రి 10 దాటాక కింది ఫ్లాట్ వాళ్లు సెక్యూరిటీతో ఫోన్ చేయించారు. గచ్చు మీద ఒక్క పాచిక దొర్లినా కింద ఎంత చప్పుడవుతుందో మాకు ఆ రోజే తెలిసింది.

తినేవి చెంచాతో తినేలా ఉండాలి. మరమరాల మిక్చర్ గిన్నెల్లో పోసి చెంచా వేసివ్వండి. చేతికి నూనె అంటే పాత్రల కాగితాలు పాడవుతాయి. బజ్జీలు విరామంలో.

4. పాత్రలు మీరే తయారుచేసి పెట్టండి

కొత్తవాళ్లతో అక్కడ కూర్చుని పాత్రలు తయారుచేయిస్తే ఆ పూట అంతా దానికే పోతుంది. నాలుగు పాత్రలు ముందే రాసి పెట్టి, వచ్చినవాళ్లను ఎంచుకోమనండి. ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగచాటు పనుల్లో నేర్పరి), క్లెరిక్ (దైవశక్తితో గాయాలు మాన్పేవాడు), విజర్డ్ (మంత్రగాడు): ఈ నలుగురూ ఉంటే ఏ కథకైనా సరిపోతుంది.

ఆరు సామర్థ్యాలకు (బలం, చురుకుదనం, తెలివి లాంటివి) 15, 14, 13, 12, 10, 8 పంచండి. ఆ అంకెను బట్టి, పాచిక మీద పడినదానికి కలిపే అదనం వస్తుంది: 15, 14లకు +2. 13, 12లకు +1. 10కి సున్నా. 8కి -1. మొదటి స్థాయిలో తనకు పట్టున్న పనికి ఇంకో +2 కలుస్తుంది. పాత్ర జాతి (మనిషి, ఎల్ఫ్ లాంటివి) వల్ల వచ్చే అదనం కూడా కలిపితే తన ముఖ్యమైన పనిలో ఎవరికైనా +5 దాకా వస్తుంది.

కాగితం మీద అంకెల పైన ఈ మూడు ఖాళీలు పెద్దగా రాయండి. ఇవి మాత్రం ఆటగాళ్లే నింపాలి:

- పేరు
- ఈ గుంపులో ఒకరికి నేను రుణపడి ఉన్నాను. ఎవరికి, ఎందుకు?
- నేను ఎవరికీ చెప్పని ఒక భయం

రెండో ఖాళీ నింపితే చాలు, నలుగురు కొత్తవాళ్లు ఒకరినొకరు ఎందుకు నమ్మాలన్న చిక్కు ఉండదు.

5. కథ ఒక్క పేజీయే రాయండి

నా మొదటి ఆటకు ఇరవై పేజీలు రాసుకున్నాను. మావాళ్లు మొదటి పది నిమిషాల్లోనే నేను రాయని దారి పట్టారు. వాళ్లను వెనక్కి తిప్పాలని రెండు గంటలు పెనుగులాడాను, ఎవరికీ ఆనందం మిగల్లేదు. అప్పటి నుంచి ఏం జరగాలో రాయడం మానేశాను. ఎవరికి ఏం కావాలో మాత్రమే రాస్తాను.

ఒక ఉదాహరణ ఇస్తున్నాను, ఇది మీరు అలాగే వాడుకోవచ్చు.

చెరువు కింద ఒక ఊరు. నారు ఎండిపోతోంది, తూము మూసుకుపోయి నీళ్లు రావట్లేదు. తూము చూడ్డానికి నిన్న వెళ్లిన నీరటికాడు తిరిగి రాలేదు. అసలు సంగతి: తూముకు దిగువన కాలువ పక్క పాత బురుజు నేలమాళిగలో నలుగురు దొంగలు సొత్తు దాచారు. నీళ్లు వదిలితే అది మునుగుతుంది. అందుకే తూము మూసి, నీరటికాణ్ణి కట్టిపడేశారు. రేపు రాత్రికి బండి వస్తే సొత్తుతో వెళ్లిపోతారు.

ఇప్పుడు పేజీ మీద ఇవి ఉండాలి:

- ఎవరికి ఏం కావాలి. రైతులకు నీళ్లు, దొంగలకు ఒక్క రోజు గడువు, కరణానికి తన పేరు బయటికి రాకుండా ఉండటం. తూము తాళానికి నకలు చేయించి దొంగలకు అమ్మింది ఆయనే.
- ఆటగాళ్లు ఏమీ చేయకపోతే ఏమవుతుంది. రేపటికి నారు పోతుంది, దొంగలు నీరటికాణ్ణి చంపి వెళ్లిపోతారు.
- మూడు చోట్లు: రచ్చబండ, చెరువుకట్ట, బురుజు.
- వాడని పేర్లు ఐదు. ఎవరైనా దారిన పోయేవాడి పేరు అడిగితే తడుముకోకూడదు.
- ముఖ్యమైన రహస్యం తెలియడానికి మూడు దారులు. కరణం అమ్మిన తాళం సంగతి అతని పాలేరుకు తెలుసు, కట్ట మీద చెప్పుల గుర్తులు చెప్తాయి, దొంగల దగ్గర కరణం చేతిరాత చీటీ ఉంది. ఒకటి పట్టించుకోకపోయినా, ఇంకోటి జారిపోయినా మూడోది దొరుకుతుంది.

ముగింపు రాయకండి. మావాళ్లు ఓసారి కొట్లాడారు. ఇంకో గుంపు బేరమాడింది. మూడో గుంపు తూము ఎత్తేసి దొంగలను నీళ్లతో బయటికి రప్పించింది. అది నాకు తట్టని ఆలోచన, ఆ పూట నాకు ఇప్పటికీ ఇష్టం.

6. మొదటి పది నిమిషాలు

సత్రంలో కూర్చున్నారు, ఎవరో వచ్చి పని చెప్పారు అంటూ మొదలుపెట్టకండి. ఏదో జరుగుతుండగా మొదలుపెట్టండి: "పొద్దెక్కింది. రచ్చబండ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. నీరటికాడి భార్య కరణం కాళ్ల ముందు కూర్చుని ఏడుస్తోంది. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. మీరు నలుగురూ అప్పుడే ఊళ్లోకి అడుగుపెట్టారు."

అక్కడ ఆగండి. ఒకరి వైపు చూసి, ఆ పాత్ర పేరుతో పిలిచి, "ఇప్పుడేం చేస్తావ్?" అని అడగండి. "మీరందరూ ఏం చేస్తారు?" అంటే ఎవరూ మాట్లాడరు. ఒక్కరి పేరు పెట్టి అడిగితే ఆట మొదలైనట్టే. జవాబు వచ్చేదాకా నిశ్శబ్దాన్ని భరించండి, మీరు నింపకండి.

7. పాచిక ఎప్పుడు వేయించాలి

కొత్త గేమ్ మాస్టర్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఆటగాడు "పర్సువేషన్ (ఒప్పించే నేర్పు) వేస్తా" అని పాచిక అందుకుంటాడు. చెయ్యి అడ్డం పెట్టండి. రెండు అడగండి: నీకేం కావాలి? దానికేం చేస్తున్నావు?

"తాళం కావాలి."
"కరణంతో ఏమంటున్నావు?"
"నారు ఎండిపోతే మీకు శిస్తు ఎక్కడి నుంచి వస్తుందండీ, తాళమిస్తే సాయంత్రానికి నీళ్లు వదిలిస్తాం అంటాను."

ఇప్పుడు విషయం ఉంది. తర్వాత మీరు మనసులో మూడు చూసుకోవాలి:

- ఇది కుదిరే పనేనా? కాకపోతే పాచిక వద్దు, కుదరదని చెప్పండి.
- తప్పితే ఏమైనా ఊడుతుందా? ఊడకపోతే పాచిక వద్దు, అయిపోయిందని చెప్పండి.
- రెండిటికీ అవుననుకుంటేనే పాచిక. డీ20 వేసి అదనం కలిపితే వచ్చే అంకె, తేలికైతే 10, మధ్యస్థమైతే 15, కష్టమైతే 20 దాటాలి, లేదా సరిసమానం కావాలి.

అంకెల లెక్క కూడా తెలిసి ఉంటే మంచిది. 15 పెట్టినప్పుడు +5 ఉన్నవాడికి 55 శాతం అవకాశం. ఏ అదనమూ లేనివాడికి 30 శాతమే. ఆటగాడి మాట బాగుందనిపిస్తే కష్టం తగ్గించండి, లేదా అడ్వాంటేజ్ ఇవ్వండి: రెండు డీ20లు వేసి పెద్దది తీసుకోవడం. 55 శాతం అవకాశం దాంతో దాదాపు 80 అవుతుంది. మాటకు విలువుందని ఆటగాడికి ఇలాగే తెలుస్తుంది. తర్వాత వాళ్లే ఆలోచించి మాట్లాడతారు.

నలుగురూ చప్పుడు కాకుండా కట్ట దాటాలనుకోండి. ఒక్కొక్కరికీ 55 శాతమున్నా, నలుగురూ నెగ్గాలంటే అవకాశం 9 శాతమే. చాలా టేబుళ్ల మీద దొంగచాటు పనులు ఎప్పుడూ బెడిసికొట్టేది ఇందుకే. గుంపు పనికి సగంమంది నెగ్గితే గుంపంతా నెగ్గినట్టు అని రూల్సులోనే ఉంది. అది వాడండి, అవకాశం 76 శాతానికి పెరుగుతుంది.

తప్పినప్పుడు "ఏమీ జరగలేదు" అనకండి. తలుపు తెరుచుకుంది, కానీ కిర్రుమంది. కరణం తాళం ఇచ్చాడు, కానీ పాలేరును అడ్డదారిన బురుజుకు పంపాడు. కథ ఆగకూడదు, చిక్కు పెరగాలి.

8. తెలుగులో మాట్లాడించడం

రూల్సు మాటలను తెలుగు చేయాలని తాపత్రయపడకండి. హిట్ పాయింట్లు (పాత్రకు మిగిలిన ప్రాణబలం), ఆర్మర్ క్లాస్ (దాడి తగలాలంటే అందుకోవాల్సిన అంకె), ఇనిషియేటివ్ (కొట్లాటలో వంతుల వరస) అలాగే ఉండనివ్వండి. కాగితం మీద ఒకటుండి నోటితో ఇంకోటంటే గందరగోళం. కథ మాత్రం తెలుగులో ఉండాలి.

అసలు చిక్కు సిగ్గు. మొదట్లో అందరూ పౌరాణిక నాటకం గొంతు పెడతారు, "ఓయీ దుర్మార్గుడా" అంటారు, నవ్వుకుంటారు. ఆ నవ్వు తర్వాత ఎవరూ మనసుపెట్టి మాట్లాడరు. మీరే ముందు మామూలు ఇంటి తెలుగులో మాట్లాడండి. నీరటికాడి భార్యగా, "అన్నా, రాత్రి బువ్వ కూడా తినలేదన్నా ఆయన" అనండి. టేబుల్ మీద వాతావరణం ఒక్క వాక్యంతో మారుతుంది.

గొంతు మార్చడం రాకపోయినా ఫర్వాలేదు. మన భాషలో పిలుపే సగం పాత్ర. కరణం రైతును "ఏరా" అంటాడు, కత్తి ఉన్న ఫైటర్‌ను "ఏమయ్యా" అంటాడు, భయం పుట్టాక "బాబూ, మీరు" అంటాడు. ఆ మార్పును ఆటగాళ్లు వెంటనే పట్టుకుంటారు. ప్రతి పాత్ర పేరు పక్కన, ఎవరిని నువ్వంటుందో, ఎవరిని మీరంటుందో రాసుకోండి.

మనం, మేము తేడాను కూడా వాడుకోండి. బురుజులో బందీని విడిపించాక ఆటగాడు "మేము ఈ పక్కనుంచి వెళ్తాం" అన్నాడు. నేను నీరటికాడిగా, "మరి నేనో?" అన్నాను. వాళ్లు తనను వదిలేసి పోతున్నారని ఆ "మేము" అన్న ఒక్క మాటలో నీరటికాడికి అర్థమైంది. తర్వాతి పావుగంట మా ఆటలన్నిటిలో మంచి పావుగంట.

"నేను దూకుతాను" అన్నా, "వీరన్న దూకుతాడు" అన్నా రెండూ సరే. సిగ్గున్నవాళ్లకు రెండోది సులువు.

యాసల విషయంలో జాగ్రత్త. రౌడీకి సీమ యాస, నవ్వులకు తెలంగాణ యాస, అమాయకుడికి శ్రీకాకుళం యాస అన్నది సినిమాల అలవాటు. బెంగళూరులో మన టేబుల్ చుట్టూ అనంతపురం వాళ్లు, కరీంనగర్ వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు కలిసి కూర్చుంటారు. మీ సొంత యాసలో తెలివైనవాళ్లను, ధైర్యవంతులను ఆడించండి. పక్కవాడి యాసను వేళాకోళానికి వాడకండి.

9. కొట్లాట, వరసగా

1. చార్టు మీద గీత గీసి చోటు చూపించండి. ఎక్కడ మెట్లు, ఎక్కడ బురద.
2. అందరూ డీ20 వేసి డెక్స్టెరిటీ (చురుకుదనం) అదనం కలపాలి. పెద్ద అంకె ముందు. ఆ వరస అందరికీ కనిపించేలా రాయండి.
3. వంతు వచ్చినవాళ్లు నడవొచ్చు, మామూలుగా 30 అడుగులు అంటే ఆరు గడులు. ఒక పని చేయొచ్చు.
4. దాడికి డీ20 వేసి అదనం కలిపి, ఎదుటివాడి ఆర్మర్ క్లాస్‌తో పోల్చండి. సమానమైనా తగిలినట్టే.
5. ఒకరి వంతు నడుస్తుండగానే "తర్వాత నువ్వు" అని రెండోవాళ్లకు చెప్పండి.

దొంగకు ఆర్మర్ క్లాస్ 12, హిట్ పాయింట్లు 11, దాడికి +3, తగిలితే డీ6 వేసి ఒకటి కలిపి, అన్ని హిట్ పాయింట్లు ఎదుటివాడికి తీసేయాలి. నలుగురు మొదటి స్థాయి పాత్రలకు నలుగురు దొంగలు రూల్సు లెక్కలో మధ్యస్థమైన పోరు. అయినా ఒక్కసారిగా దింపకండి. విజర్డ్‌కు ఏడెనిమిది పాయింట్లుంటాయి, రెండు దెబ్బలకు పడిపోతాడు. ఇద్దరు ముందు, మిగతా ఇద్దరు రెండు రౌండ్ల తర్వాత. గాబ్లిన్లయితే (ఈ ఆటలోని పొట్టి రాక్షసులు) నలుగురు వద్దు. అదే లెక్కలో అది ప్రాణాంతకమైన పోరు.

సగంమంది పడ్డాక దొంగలు పారిపోవాలి, లేదా దండం పెట్టాలి. చచ్చేదాకా కొట్టుకునేవాళ్లు నిజంగా ఎంతమంది ఉంటారు?

పాత్ర హిట్ పాయింట్లు సున్నాకు వస్తే వెంటనే చచ్చినట్టు కాదు. తన వంతు వచ్చిన ప్రతిసారీ డీ20 వేయాలి. 10 లేదా ఎక్కువైతే ఒక గెలుపు, తక్కువైతే ఒక ఓటమి. మూడు గెలుపులకు ప్రాణం నిలబడుతుంది, మూడు ఓటములకు పోతుంది.

10. తప్పులు, సరిచేసుకునే దారులు

20 పడితే ఏ పనైనా అయిపోతుందనుకోవడం: 2014 రూల్సులో 20 పడితే ఖాయంగా తగలడం దాడికే. మామూలు పనికి అది పెద్ద అంకె మాత్రమే. ఇది ఆటకు ముందే చెప్పండి, మధ్యలో చెబితే తొండి అంటారు.

రూల్ గుర్తులేక పుస్తకం తిరగేయడం: ఒక్క నిమిషం వెతకండి. దొరకకపోతే అప్పటికి ఒక నిర్ణయం చెప్పి, కాగితం మీద రాసుకుని, ఆట అయ్యాక చూడండి.

ఒకరే మాట్లాడటం: అతన్ని ఆపకండి. "నువ్వు కరణంతో మాట్లాడుతుండగా, లక్ష్మీ, నువ్వు పెరట్లో ఏం చూస్తున్నావ్?" అని ఇంకొకరికి చోటివ్వండి.

ప్లాను తెగకుండా అరగంట వాదన: కథలో గడియారం తిప్పండి. "మీరు మాట్లాడుతుండగానే బురుజు వైపు నుంచి బండి చప్పుడు వినిపించింది."

ఆటగాళ్లలో ఇద్దరి మధ్య నిజంగానే మాట పెరగడం: పాచికతో తేల్చకండి. ఆట ఆపి, టీ పెట్టి, మామూలు పేర్లతో పిలిచి మాట్లాడండి.

ఎవరో ఒకరు రాకపోవడం: వాళ్ల పాత్రను ఇంకొకరికి ఇవ్వకండి. ఆ పాత్ర ఊళ్లోనే ఉండి రైతులకు కాపలా కాస్తోందని చెప్పండి.

11. ముగించే పావుగంట

ఎక్కడున్నా సరే, 12:45కు కథను ఏదో ఒక మలుపులో ఆపండి. తర్వాత ఒక్కొక్కరినీ రెండే అడగండి: ఏది బాగుంది? ఎక్కడ విసుగొచ్చింది? జవాబులు రాసుకోండి, సమర్థించుకోకండి.

వెళ్లేముందు చూసుకోవాల్సినవి:

- హిట్ పాయింట్లు, దొరికిన సొత్తు కాగితాల మీద రాసి ఉన్నాయా?
- కాగితాలన్నీ మీ దగ్గరే ఉన్నాయా? ఇంటికి తీసుకెళ్లినవి మళ్లీ రావు.
- ఎవరికి ఏం మాటిచ్చారో, ఎవరు తప్పించుకున్నారో నాలుగు వాక్యాలు రాశారా?
- అందరూ ఉండగానే తర్వాతి తేదీ ఖాయం చేశారా? గ్రూపులో చూద్దాం అనుకుంటే రెండు నెలలు పోతాయి.
- డీ4 సోఫా కింద లేదు కదా? రాత్రి చీకట్లో కాలికి గుచ్చుకుంటుంది.

భోజనాల దగ్గర కరణాన్ని ఏం చేయాలని వాళ్లు ఇంకా వాదించుకుంటుంటే, మీరు కలగజేసుకోకండి. ఆ మాటల్లోంచి తర్వాతి కథకు కావాల్సింది రాసుకోండి.